కంపెనీ నుంచి మన డేటా లీకైతే: ముందు ఏం కాపాడుకోవాలి, పరిహారం ఎలా అడగాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీకు ఖాతా ఉన్న ఒక కంపెనీ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారు. మీ పేరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు నంబరు, పాస్‌వర్డ్ బయటికి పోయి ఉండొచ్చని కంపెనీ మెయిల్ పెట్టింది. ఏడాది పాటు క్రెడిట్ మానిటరింగ్ (మీ పేరుమీద కొత్త లోన్లు వస్తే హెచ్చరించే సేవ) ఉచితంగా ఇస్తామంటోంది. అప్పటినుంచి మీకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఇప్పుడేం చేయాలి, కేసు వేస్తే డబ్బు వస్తుందా అని మీ ప్రశ్న.

నేను కొన్నేళ్లు కంపెనీల వైపు ఉండి, సరిగ్గా మీకు వచ్చినలాంటి మెయిళ్లు రాసే బృందంలో పనిచేశాను. తర్వాత బాధితుల వైపు వచ్చాను. రెండు వైపుల నుంచీ చూసినవాడిగా ఒకటి చెప్పగలను. పరిహారం అడిగినవాళ్లలో ఎక్కువమంది తిరిగి వచ్చేసేది చట్టం లేక కాదు. "నాకు జరిగిన ఈ నష్టం ఈ లీక్ వల్లే" అని కాగితం మీద చూపించలేక. అందుకే ఖాతాలు కాపాడుకోవడం ఒక పని, పరిహారం అడగడం ఇంకో పని అని విడదీసుకోకండి. ఈ వారం మీరు చేసే ప్రతి ఫోన్ కాల్, మార్చే ప్రతి పాస్‌వర్డ్, తేదీతో రాసి పెట్టుకుంటే రేపు అదే మీ సాక్ష్యం.

అన్నిటికంటే ముందు ఆ మెయిల్ నిజంగా కంపెనీ పంపిందేనా చూసుకోండి. లీక్ వార్త బయటికి రాగానే అదే పేరుతో దొంగ మెయిళ్లు మొదలవుతాయి. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో (జనం అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ) నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయినప్పుడు, బాధితుల కోసం కంపెనీ ఒక కొత్త వెబ్‌సైట్ తెరిచింది. జనాన్ని ఎంత తేలిగ్గా మోసం చేయొచ్చో చూపించడానికి ఒకతను ఆ పేరులోని మాటల్నే అటూ ఇటూ మార్చి నకిలీ సైటు పెట్టాడు. కంపెనీ సొంత ట్విట్టర్ ఖాతా కస్టమర్లకు ఆ నకిలీ లింకునే ఇచ్చింది, అదీ ఒకసారి కాదు. సొంత సిబ్బందే పోల్చుకోలేకపోయారంటే మనం లింకు చూసి కనిపెట్టేస్తామనుకోవడం అత్యాశే. కాబట్టి మెయిల్‌లోని లింకు నొక్కొద్దు. కంపెనీ వెబ్‌సైట్ చిరునామా మీరే టైప్ చేసి వెళ్లండి, అక్కడ ప్రకటన ఉందో లేదో చూడండి. మీ మెయిల్ ఐడీ ఇంతకుముందు ఏయే లీకుల్లో బయటపడిందో 'హావ్ ఐ బీన్ పోన్డ్' అనే సైటులో ఉచితంగా చూసుకోవచ్చు. ఆ ఫలితం స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, ఎందుకో తర్వాత చెబుతాను.

మెయిల్ అసలుదే అని తేలాక నెమ్మదిగా చదవండి. అందులో ప్రతి మాటా లాయర్ల చేతుల మీదుగా వచ్చినదే. "మీ సమాచారం దుర్వినియోగం అయినట్టు మా దృష్టికి రాలేదు" అని ఉంటుంది. దుర్వినియోగం జరగలేదని దానర్థం కాదు. జరిగితే వాళ్ల దృష్టికి వచ్చే దారి చాలాసార్లు ఉండదు. "యాక్సెస్ చేసి ఉండవచ్చు" అంటే, ఏం తీసుకెళ్లారో చెప్పేంత లాగ్ రికార్డులు (సర్వర్‌లో ఎవరు ఏం చేశారో చూపే నమోదులు) వాళ్ల దగ్గర లేకపోయి ఉండొచ్చు. ఇది మీకు పనికొచ్చే విషయం, రికార్డులు సరిగా పెట్టకపోవడం కూడా భద్రతా లోపమే. "పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి" అన్న ఒక్క ముక్కతో ధీమా పడకండి. బీక్రిప్ట్, ఆర్గాన్2 లాంటి పద్ధతిలో దాచి ఉంటే పగలగొట్టడానికి దొంగకు చాలా కాలం పడుతుంది. పాతకాలపు ఎండీ5 అయితే మామూలు పాస్‌వర్డ్‌లు నిమిషాల్లో బయటపడతాయి. మెయిల్‌లో ఆ వివరం ఉండదు, మనమే అడగాలి.

ఇంకొకటి, మెయిల్‌లో రెండు తేదీలు వెతకండి: చొరబాటును కంపెనీ ఎప్పుడు కనిపెట్టింది, మీకు ఎప్పుడు చెప్పింది. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం లీక్ సంగతి తెలిసిన 72 గంటల్లోపు డేటా రక్షణను చూసే నియంత్రణ సంస్థకు చెప్పాలి. ప్రజలకు పెద్ద ముప్పు ఉంటే అనవసర ఆలస్యం లేకుండా వాళ్లకూ చెప్పాలి. మిగతా దేశాల్లో గడువులు వేరుగా ఉన్నా, ఈ రెండు తేదీల మధ్య ఎడం ఎక్కువగా ఉండి, మీ ఖాతాలో దొంగతనం ఆ మధ్యలోనే జరిగి ఉంటే, మీ కేసు బలం రెట్టింపైనట్టే. ముందే చెప్పి ఉంటే నేను కార్డు బ్లాక్ చేసుకునేవాణ్ని కదా అన్న వాదనకు కంపెనీ దగ్గర జవాబు దొరకడం కష్టం.

ఇక కాపాడుకునే పని. ముందు మీ ప్రధాన మెయిల్ ఖాతా సంగతి చూడండి, బ్యాంకు కంటే కూడా ముందు. మెయిల్ చేతికి చిక్కితే మిగతా అన్ని పాస్‌వర్డ్‌లూ అక్కడినుంచే రీసెట్ చేస్తారు. కొత్త పాస్‌వర్డ్ పెట్టి, లాగిన్ అయి ఉన్న మిగతా అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. చాలామంది ఇక్కడిదాకా రారు. దొంగ ఒకసారి లోపలికి వచ్చి, బ్యాంకు మెయిళ్లన్నీ తనకు ఒక కాపీ వెళ్లేలా చిన్న రూల్ పెట్టి వెళ్లిపోతాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ పనిచేస్తూనే ఉంటుంది. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా అన్నదీ అక్కడే చూసుకోండి.

పోయిన పాస్‌వర్డ్‌నే ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడ కూడా ఈరోజే మార్చండి. లీకైన మెయిల్-పాస్‌వర్డ్ జంటల్ని వందలాది సైట్లలో ఆటోమేటిక్‌గా ప్రయత్నించి చూసే ప్రోగ్రాములు ఉన్నాయి. 2023లో 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీలో జరిగింది ఇదే. వేరే చోట్ల లీకైన పాస్‌వర్డ్‌లతో సుమారు 14 వేల ఖాతాల్లోకి దూరారు, అక్కడినుంచి బంధువుల్ని కలిపే ఫీచర్ ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు లాగారు. తర్వాత కంపెనీ తరఫు లాయర్లు, పాస్‌వర్డ్ మార్చుకోనిది కస్టమర్లే కదా అని వాదించారు. మీ దగ్గరా అదే మాట అంటారు. ఆ మాటకు తావు ఇవ్వకుండా ఉండాలంటే పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి, ఒక్కో సైటుకు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టండి, రెండో అంచె రక్షణ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ అడిగేది) ఆన్ చేయండి. రెండో అంచె ఎస్సెమ్మెస్ ఓటీపీ కంటే, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ మేలు. సైటులో పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి) సదుపాయం ఉంటే ఇంకా మేలు, అది నకిలీ సైటులో అసలు పనిచేయదు.

ఎస్సెమ్మెస్ ఎందుకు వద్దంటున్నానంటే, మీ పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు నంబరు మూడూ పోయాయి. మీ పేరుమీద డూప్లికేట్ సిమ్ తీసుకోవడానికి దొంగకు అంతకంటే పెద్దగా అక్కర్లేదు. మీ మొబైల్ కంపెనీకి ఫోన్ చేసి, సిమ్ మార్పుకు, నంబర్ పోర్ట్‌కు విడిగా పిన్ లేదా లాక్ పెట్టే వీలుందా అడగండి. ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, పక్కవాళ్ల ఫోన్లకు బాగానే ఉంటే నెట్‌వర్క్ సమస్య అని ఊరుకోకండి. వేరే ఫోన్ తీసుకుని ముందు బ్యాంకుకు, తర్వాత మొబైల్ కంపెనీకి చెప్పండి.

గుర్తింపు నంబరు పోయింది కాబట్టి మీ పేరుమీద ఎవరైనా లోన్ తీసుకునే ప్రమాదం ఉంది. ఇది వెంటనే బయటపడదు. మీరు ఎన్నడూ తీసుకోని లోన్‌కు రికవరీ ఏజెంటు ఫోన్ చేసినప్పుడు తెలుస్తుంది. మీ దేశంలో ఉన్న క్రెడిట్ బ్యూరోలన్నిటి నుంచీ రిపోర్టు తెప్పించుకోండి. ఒక్కదాంతో సరిపెట్టుకోవద్దు, లోన్ ఇచ్చినవాడు ఏ బ్యూరోను చూశాడో మీకు తెలియదు. క్రెడిట్ ఫ్రీజ్ (కొత్తగా లోన్ ఇచ్చేవాళ్లు మీ క్రెడిట్ రిపోర్టు చూడకుండా ఆపడం) సదుపాయం ఉన్నచోట పెట్టేయండి. అమెరికాలో 2018 సెప్టెంబర్ నుంచి ఇది పూర్తిగా ఉచితం, లోన్ కావలసినప్పుడు తాత్కాలికంగా తీసేసుకోవచ్చు. నా లెక్కలో కంపెనీ ఇచ్చే మానిటరింగ్ కంటే ఫ్రీజ్ చాలా ఎక్కువ పనిచేస్తుంది. మానిటరింగ్ దొంగతనం జరిగాక చెబుతుంది, ఫ్రీజ్ ఉంటే చాలా రకాల లోన్లు అసలు మంజూరే కావు.

ఇప్పుడు ఆ ఫోన్ల సంగతి. వాళ్లు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు, పుట్టిన తేదీ చెబుతారు, కార్డు చివరి నాలుగు అంకెలు చదువుతారు, ఆ తర్వాతే "ధ్రువీకరణ కోసం" ఓటీపీ అడుగుతారు. ఇన్ని వివరాలు తెలిసినవాడు బ్యాంకువాడే అయి ఉంటాడని మనకు అనిపిస్తుంది. లీక్ తర్వాత ఆ లెక్క చెల్లదు. ఫోన్ పెట్టేసి, కార్డు వెనకాల ఉన్న నంబరుకు మీరే చేయండి. అలాగే కొన్ని నెలల తర్వాత "లీక్ బాధితులకు పరిహారం మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అనే రెండో రకం మోసం వస్తుంది. నిజమైన సెటిల్‌మెంట్‌లో (కంపెనీ బాధితులతో కుదుర్చుకునే రాజీలో) క్లెయిమ్ పెట్టడానికి ఎవరూ ముందుగా ఫీజు అడగరు.

కొన్ని వివరాలు మార్చుకోవడం కుదరదు. వైద్య రికార్డులు అలాంటివి. ఫిన్లాండ్‌లో వస్తామో అనే మానసిక చికిత్సా కేంద్రం నుంచి రోగుల రికార్డులు దొంగిలించినవాడు 2020లో నేరుగా రోగులకే మెయిళ్లు పెట్టాడు: 200 యూరోల విలువైన బిట్‌కాయిన్ ఇస్తారా, మీ మాటలు బయట పెట్టమంటారా అని. ఇలాంటి బెదిరింపు వస్తే డబ్బు కట్టకండి. కాపీ వాడి దగ్గరే ఉంటుంది, మళ్లీ అడుగుతాడు. మెయిల్ డిలీట్ చేయకుండా హెడర్లతో (అది ఎక్కడినుంచి వచ్చిందో చూపే వివరాలతో) సహా భద్రపరిచి పోలీసులకు ఇవ్వండి. ఆ కేసులో నేరస్థుడు దొరికాడు, 2024లో జైలు శిక్ష పడింది. కంపెనీ మాత్రం 2021లోనే దివాలా తీసింది. ఎంత న్యాయమైన క్లెయిమ్ అయినా, కట్టేవాడి దగ్గర డబ్బుంటేనే కదా వచ్చేది. అందుకని పరిహారం సంగతి సంవత్సరాల తరబడి వాయిదా వేయకండి.

ఇక నోట్‌బుక్. డిజిటల్‌గానైనా, కాగితం మీదైనా ఒక్కచోట రాయండి. ఎలా రాయాలో ఒక నమూనా:

"మార్చి 4, ఉదయం 10.20. బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. 35 నిమిషాలు పట్టింది. కార్డు బ్లాక్ చేశారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు (స్క్రీన్‌షాట్ 7). కొత్త కార్డుకు రుసుము తీసుకున్నారు (స్టేట్‌మెంట్, 2వ పేజీ). మధ్యాహ్నం సెలవు పెట్టి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను, రసీదు జత చేశాను."

అంతే, కోపం, ఆవేదన ఇందులో కలపొద్దు. నిద్ర పట్టకపోవడం, టెన్షన్, డాక్టర్‌ను కలవడం ఉంటే వాటినీ ఇలాగే తేదీ, బిల్లుతో రాయండి. ఇదంతా చాదస్తంలా అనిపించొచ్చు. ఈక్విఫాక్స్ సెటిల్‌మెంట్‌లో బాధితులు వెచ్చించిన సమయానికి గంటకు 25 డాలర్ల చొప్పున 20 గంటల వరకు అడగనిచ్చారు. పది గంటలు దాటితే పత్రాలు చూపించమన్నారు. జేబులోంచి పోయిన డబ్బు కింద ఒక్కొక్కరు 20 వేల డాలర్ల వరకు అడగొచ్చన్నారు, దానికి రసీదులు ఉండాలి. రాసి పెట్టుకున్నవాళ్లకే ఆ క్లెయిమ్ నింపడం తేలికైంది.

ఇందాక స్క్రీన్‌షాట్ తీయమన్నది ఇందుకే: కంపెనీ లాయరు మొదట వేసే ప్రశ్న "మీ వివరాలు మా దగ్గర్నుంచే పోయాయని ఏం రుజువు? వేరే లీకులో పోయి ఉండొచ్చు కదా" అని. ఇంతకుముందు లీకుల్లో మీ మెయిల్, పాస్‌వర్డ్ మాత్రమే పోయి, గుర్తింపు నంబరు ఈ కంపెనీ దగ్గరే పోయి ఉంటే, ఆ నంబరుతో జరిగిన మోసం ఎటువైపు వేలు చూపిస్తుందో తెలిసిపోతుంది. ఇకమీదట ఒక్కో సైటుకు ఒక్కో మారు మెయిల్ ఐడీ (మెయిళ్లు మీ అసలు ఇన్‌బాక్స్‌కే చేరే వేరే చిరునామా) వాడితే ఈ తలనొప్పే ఉండదు. ఆ ఐడీకి చెత్త మెయిల్ వచ్చిందంటే ఎవరి దగ్గర కారిందో అదే చెబుతుంది.

తర్వాత కంపెనీకి రాతపూర్వకంగా ఒక లేఖ పంపండి. ఫోన్‌లో మాట్లాడింది లెక్కలోకి రాదు. మెయిల్‌లో పంపితే చాలు, అందినట్టు జవాబు అడగండి. ఇలా రాయొచ్చు:

"ఫలానా తేదీన మీరు పంపిన సమాచారం ప్రకారం నా వ్యక్తిగత వివరాలు మీ వ్యవస్థల నుంచి బయటికి వెళ్లాయి. 1. నాకు సంబంధించి మీ దగ్గర ఉన్న సమాచారం మొత్తం కాపీ ఇవ్వండి. 2. అందులో ఏయే వివరాలు బయటికి వెళ్లాయో విడిగా చెప్పండి. 3. చొరబాటు ఎప్పుడు మొదలైంది, మీరు ఎప్పుడు కనిపెట్టారు, నియంత్రణ సంస్థకు ఎప్పుడు తెలిపారు? 4. నా పాస్‌వర్డ్, గుర్తింపు నంబరు ఏ పద్ధతిలో భద్రపరిచారు? 5. నా ఖాతా మూసేశాక కూడా నా వివరాలు ఉంచి ఉంటే, ఏ కారణంతో ఉంచారు? ఈ ఘటనకు సంబంధించిన లాగ్‌లు, రికార్డులు ఏవీ తొలగించవద్దని కోరుతున్నాను. పరిహారం కోరే హక్కు నాకు ఉంది, దాన్ని ఈ లేఖతో వదులుకోవడం లేదు."

ఐదో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ కంపెనీల్ని అది బాగా ఇబ్బంది పెడుతుంది. ఎప్పుడో మానేసిన కస్టమర్ల గుర్తింపు కార్డుల కాపీలు ఏళ్ల తరబడి అలాగే ఉంచుకోవడం నేను కళ్లారా చూశాను, అడిగితే ఎవరి దగ్గరా సరైన కారణం ఉండదు. జీడీపీఆర్ వర్తించే చోట మీ సమాచారం కాపీ అడిగితే నెలలోపు స్పందించాలి, సంక్లిష్టమైన కేసుల్లో మరో రెండు నెలల పొడిగింపు ఉంటుంది. కాపీ ఇవ్వడానికి మళ్లీ మీ గుర్తింపు కార్డు స్కాన్ అడిగితే, వేరే దారిలో ధ్రువీకరించుకోమనండి. ఇచ్చిన కార్డునే కాపాడలేనివాళ్లకు ఇంకో కాపీ ఎందుకు?

ఇప్పుడు డబ్బు సంగతి. నియంత్రణ సంస్థ వేసిన జరిమానాకు, మీకు రావలసిన పరిహారానికి సంబంధం లేదు. 2018లో జరిగిన లీక్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు బ్రిటన్ సంస్థ 2020లో 2 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది. అది ప్రభుత్వ ఖజానాకు పోయేదే. ప్రయాణికులు విడిగా కేసు వేసి, 2021లో కంపెనీతో రాజీ కుదుర్చుకున్నారు. జరిమానా ఉత్తర్వు మీకు వేరే రకంగా ఉపయోగం. కంపెనీ ఎక్కడ తప్పు చేసిందో అందులో పేజీల కొద్దీ రాసి ఉంటుంది, మీరు సొంతంగా ఎప్పటికీ సంపాదించలేని ఆధారం అది. అందుకే డబ్బు రాకపోయినా నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయమంటాను.

హ్యాక్ అయినంత మాత్రాన కంపెనీ తప్పు చేసినట్టు కాదు. తీసుకోవలసిన జాగ్రత్త తీసుకుందా లేదా అన్నది చూస్తారు. ఈక్విఫాక్స్ వాడుతున్న అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి 2017 మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వచ్చింది. కంపెనీ ఒక సర్వర్‌కు దాన్ని వేయలేదు. మే నెలలో దొంగలు దూరి జులై చివరిదాకా లోపలే తిరిగారు. నెట్‌వర్క్‌ను తనిఖీ చేసే పరికరంలో సర్టిఫికెట్ గడువు ఎప్పుడో తీరిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. బాధితుల కేసును గట్టిపరిచేవి ఇలాంటి నిర్లక్ష్యాలే.

నష్టం రుజువు దగ్గర దేశదేశానికీ తేడా ఉంది, మీ కేసుకు ఏ చట్టం వర్తిస్తుందన్నది ఇక్కడే అసలు ప్రశ్న అవుతుంది. యూరప్‌లో బాధితుడికి కాస్త అనుకూలం. జీడీపీఆర్ 82వ ఆర్టికల్ ప్రకారం డబ్బు నష్టానికే కాదు, మానసిక వేదనకూ పరిహారం అడగొచ్చు. 2023 మేలో యూరోపియన్ న్యాయస్థానం, చట్టం ఉల్లంఘించినంత మాత్రాన పరిహారం రాదు, నష్టం చూపించాలి, కానీ ఆ నష్టం ఇంత తీవ్రంగా ఉండి తీరాలన్న షరతేమీ లేదని చెప్పింది. అదే ఏడాది డిసెంబర్‌లో బల్గేరియా పన్నుల సంస్థ కేసులో ఇంకో అడుగు వేసింది. నా వివరాలు దుర్వినియోగం అవుతాయేమోనన్న భయం కూడా నష్టం కావచ్చు, అయితే ఆ భయానికి ఆధారం ఉండాలని. భద్రత సరిగ్గానే పెట్టామని రుజువు చేసే బాధ్యత వివరాలు తమ దగ్గర ఉంచుకున్న సంస్థదేనని చెప్పింది. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2024 నవంబర్‌లో ఫేస్‌బుక్ డేటా కేసులో, సమాచారం మీద అదుపు పోవడమే నష్టం అంది. అలాంటి నష్టానికి సుమారు 100 యూరోలు సబబుగా ఉండొచ్చని సూచించింది. సూత్రం గొప్పదే, మొత్తం మాత్రం అంతే.

బ్రిటన్‌లో గాలి ఇంకోలా వీచింది. 2021లో గూగుల్ మీద వచ్చిన కేసులో, ఒక్కొక్కరి నష్టం విడిగా చూపించకుండా లక్షల మందికి కలిపి ఒకే రేటున పరిహారం ఇవ్వడం కుదరదని అక్కడి సుప్రీం కోర్టు చెప్పింది. అమెరికాలోనూ అదే ఏడాది ట్రాన్స్‌యూనియన్ అనే క్రెడిట్ బ్యూరో కేసులో తీర్పు వచ్చింది. 8,185 మంది క్రెడిట్ ఫైళ్లలో ఉగ్రవాదుల జాబితాతో పేరు కలిసిందంటూ తప్పుడు సూచన చేరింది. ఆ రిపోర్టు బయటివాళ్లకు వెళ్లిన 1,853 మందికి మాత్రమే పరిహారం కోసం కేసు వేసే అర్హత ఉందని, మిగతావాళ్లకు జరిగింది కేవలం ముప్పు అని కోర్టు తేల్చింది. లీక్ కేసుల్లో కంపెనీ లాయర్లు ఈ తీర్పును చేత్తో పట్టుకునే వస్తారు. కాలిఫోర్నియా చట్టం కాస్త మేలు. భద్రతా లోపం వల్ల ఎన్‌క్రిప్ట్ చేయని వివరాలు పోతే, నష్టం రుజువు చేయకపోయినా ఒక్కో ఘటనకు ఇంత అని ఇప్పించే వీలుంది. మొదట్లో అది 100 నుంచి 750 డాలర్లు. అలా అడగడానికి ముందు కంపెనీకి 30 రోజుల నోటీసు ఇవ్వాలి.

భారత చట్టం కింద అడగాలనుకుంటే ఒక మెలిక గమనించండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది కానీ అది ప్రభుత్వ సంచిత నిధికే పోతుంది, బాధితుడికి పరిహారం ఇప్పించే ఏర్పాటు అందులో లేదు. పరిహారం ఇప్పించే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను కూడా అదే చట్టం తీసేస్తుంది. చట్టాన్ని దశలవారీగా అమలు చేస్తున్నారు కాబట్టి, మీరు కేసు వేసే రోజుకు ఏ సెక్షన్ అమల్లో ఉందో లాయర్‌ను అడిగి తేల్చుకోండి. సేవాలోపం కింద వినియోగదారుల కమిషన్ దారి ఎలాగూ ఉంది. బ్యాంకు ఖాతా నుంచి డబ్బే పోతే రిజర్వ్ బ్యాంకు 2017లో తెచ్చిన నిబంధనలు ముఖ్యం. వాటి ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మూడోచోట జరిగి ఉంటే, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పినవాళ్లకు నష్టం ఉండదు. ఆలస్యమైతే మీ వాటా పెరుగుతుంది. ఏ దేశమైనా, పోయిన డబ్బు ముందుగా బ్యాంకు దగ్గర అడగడమే తేలిక. కంపెనీ మీద కేసు తర్వాత.

క్లాస్ యాక్షన్ (బాధితులందరి తరఫున కలిపి వేసే ఒకే కేసు) మొదలైతే మీరు వేరే కేసు వేయక్కర్లేదు, క్లెయిమ్ ఫారం నింపితే చాలు. ఆశలు మాత్రం అదుపులో పెట్టుకోండి. ఈక్విఫాక్స్‌లో ఉచిత మానిటరింగ్ వద్దనుకున్నవాళ్లకు 125 డాలర్లు ఇస్తామన్నారు. ఆ విభాగానికి పక్కన పెట్టింది 3.1 కోట్ల డాలర్లే. లక్షల మంది ఎగబడేసరికి, అంత రాదు, మానిటరింగే తీసుకోండి అని ప్రభుత్వ సంస్థే చెప్పాల్సి వచ్చింది. మీకు పెద్ద నష్టం జరిగి ఉంటే, ఉదాహరణకు మీ పేరుమీద లోన్ తీసుకుంటే, గుంపుతో కలవకుండా విడిగా వెళ్లే హక్కు ఉంటుంది. ఫలానా తేదీలోపు తప్పుకుంటున్నట్టు రాసి పంపాలి. ఆ తేదీ దాటితే వచ్చిన చిల్లరతోనే సరిపెట్టుకోవాలి.

కంపెనీ ఇస్తానన్న మానిటరింగ్ తీసుకోండి, కానీ షరతులు చదివి. ఈక్విఫాక్స్ మొదట్లో ఇచ్చిన ఉచిత సేవ షరతుల్లో కోర్టుకు బదులు ఆర్బిట్రేషన్‌కు (ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకు) ఒప్పుకుంటున్నట్టు ఒక క్లాజు ఉంది. గొడవ అయ్యాక అది లీక్ కేసులకు వర్తించదన్నారు. 23అండ్‌మీ అయితే లీక్ బయటపడ్డాక తన నిబంధనలే మార్చేసి, ఒప్పుకోనివాళ్లు 30 రోజుల్లో చెప్పాలంది. "మా నిబంధనలు మారాయి" అనే మెయిల్ రాబోయే నెలల్లో వస్తే తీసి పారేయకుండా చదవండి. గిఫ్ట్ వోచర్‌తో పాటు "ఈ విషయంలో ఇకపై ఎలాంటి క్లెయిమ్ ఉండదు" అన్న వాక్యం వస్తే సంతకం పెట్టొద్దు, ఓకే నొక్కొద్దు.

లాయర్ ఎప్పుడు కావాలంటే, మీ నోట్‌బుక్‌లో డబ్బు నష్టం గానీ, మీ పేరుమీద మోసం గానీ కనిపించినప్పుడు. ఇప్పటికి మీ దగ్గర ఉన్నది లీక్ మెయిల్, కొన్ని ఫోన్లు మాత్రమే. దీంతో సొంత ఖర్చుతో విడిగా కేసు వేయమని నేను చెప్పను, ఫీజులకే సరిపోదు. లేఖ పంపండి, నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయండి, క్లాస్ యాక్షన్ వస్తుందేమో చూస్తూ ఉండండి. కేసు వేయడానికి కాలపరిమితి ఉంటుంది. ఇంగ్లండ్‌లో సాధారణంగా ఆరేళ్లు, చాలాచోట్ల అంతకంటే తక్కువ. మీకు వర్తించే గడువు ఎంతో కనుక్కుని నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసుకోండి. లాయర్‌ను కలిసినప్పుడు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: గెలిస్తే ఎంత శాతం తీసుకుంటారు, ఓడితే అవతలివాళ్ల కోర్టు ఖర్చులు ఎవరు కట్టాలి, మధ్యలో రాజీ ప్రస్తావన వస్తే తుది మాట ఎవరిది. రెండో దానికి సూటిగా జవాబు చెప్పని లాయర్ దగ్గర సంతకం పెట్టకండి. కొన్ని దేశాల్లో ఓడినవాడే ఇద్దరి ఖర్చులూ భరించాలి, వంద యూరోల కోసం వెళ్లి వేలు కట్టి వచ్చినవాళ్లు ఉన్నారు.